ఫ్లాపీ చప్పుడు ఆగేదాకా

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. ఈ పాత కంప్యూటర్లు పట్టుకుని ఇంకా ఎందుకు వేలాడుతున్నారు మేడమ్, పీకి పారేసి కొత్తది పెట్టేస్తే పోదా అని. అడిగేటప్పుడు ఆ ముఖాల్లో జాలి కూడా కనిపిస్తుంది. నేనేదో చేతకాక అలా బతికానని వాళ్ళ అనుమానం.

నా పేరు రూతమ్మ. గుమ్మలక్ష్మీపురం దగ్గర చర్చి బడిలో చదువుకున్నాను, ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. విశాఖలో మిషన్లు బాగుచేసే ఒక కంపెనీలో చేరి అక్కడే రిటైరయ్యాను. ఏజెన్సీ ప్రాంతం ఎప్పుడూ నాకే పడేది. కొండ ఘాటీలో బస్సు మలుపులు తిరుగుతుంటే మా కంపెనీ మగవాళ్ళకి కడుపులో తిప్పేది, నాకు తిప్పేది కాదు. నేను నెగ్గుకొచ్చిన రహస్యం అంతకంటే ఏమీ లేదు.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను, అవి ఎవరికీ అక్కర్లేదు. ఒక్క కేసు గురించి రాస్తాను. ఈ పని చేసే ప్రతి ఒక్కరూ అది తెలుసుకోవాలి.

మనం చేసే పని ఏమిటి

లేతు మిషనంటే ఇనుప దుంగని పట్టి గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం. నూనె పోసుకుని చూసుకుంటే మన కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. దాన్ని నడిపే కంప్యూటరు అంతకాలం బతకదు. అప్పట్లో మిషనుతో పాటే నల్ల తెరమీద తెల్ల అక్షరాలు వచ్చే కంప్యూటరు ఒకటి ఇచ్చేవారు. అందులో ఉండే సాఫ్ట్‌వేరు ఆ కంప్యూటరు మీద తప్ప ఇంకెక్కడా నడవదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటుంది. ఫోన్ చేసి అడుగుదామంటే ఎత్తేవాడు ఉండడు.

ఈ కంప్యూటర్లో ముందుగా పోయేవి హార్డ్ డిస్కు, ఫ్లాపీలు. మా కొండల్లో వానాకాలం వస్తే బీరువాలో బట్టలకే బూజు పడుతుంది, ఫ్లాపీలకి పట్టదా? మెదడు పాతదే ఉంచి, దాని కడుపు మాత్రం కొత్తది పెట్టడం మన పని. అరిగిపోయిన డిస్కు తీసేసి, కెమెరాల్లో వాడే మెమరీ కార్డు లాంటిది ఒక చిన్న పలక మీద బిగిస్తాం. సాఫ్ట్‌వేరు, ప్రోగ్రాములు అన్నీ అందులోకి ఎక్కిస్తాం. కంప్యూటరు అది తన పాత డిస్కే అనుకుని పనిచేసుకుంటుంది.

వినడానికి సులువుగానే ఉంటుంది. పార్వతీపురంలో ఒక వర్క్‌షాపు ఓనరు నాకు చెప్పకుండా బజారులో దొరికిన వాటిలో అన్నిటికంటే పెద్ద కార్డు కొనుక్కొచ్చాడు. ఇందులో ఊరంతా పడుతుందండీ అని మురిసిపోయాడు. పెట్టి ఆన్ చేస్తే, స్థలం చాలదు అని వచ్చింది తెరమీద. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఆ సాఫ్ట్‌వేరు రాసినవాడు ఇంత స్థలం లోకంలో ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. అది లెక్కపెట్టగలిగే అంకె దాటిపోయేసరికి ఖాళీ అంతా దానికి లేనట్టే కనిపించింది. కార్డులో చిన్న ముక్క మాత్రమే దానికి చూపించి, మిగతాది దాచేస్తే బుద్ధిగా నడిచింది. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. పాత సాఫ్ట్‌వేరుకి ఎక్కువ ఇస్తే తక్కువగా కనిపిస్తుందని ఆ రోజు నేర్చుకున్నాను. ఎక్కువ వేగం ఇస్తే ఏమవుతుందో అప్పటికి నాకు తెలీదు.

గాసిరాం

అరకు దాటి లోపలికి పోతే కాఫీ తోటల మధ్య ఒక వర్క్‌షాపు ఉంది. పేరు చెప్పను. కాఫీ పండు తోలు ఒలిచే పల్పర్లకి రోలర్లు, షాఫ్టులు అక్కడే చెక్కుతారు. పండు కోతకొచ్చిన రోజుల్లో పల్పరు ఆగిందంటే కోసిన పండు కుళ్ళిపోతుంది, అందుకని ఆ లేతు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ప్రాణం లాంటిది. దాన్ని నడిపే పెద్ద ఆపరేటరు గాసిరాం. ఆ చుట్టుపక్కల కొండ ఊరే అతనిది. నెమ్మదైన మనిషి, మాట కంటే నవ్వు ముందు వచ్చేది.

మా కంపెనీ టీమే వెళ్ళి ఆ లేతుకి మెమరీ కార్డు పెట్టింది. నేను అప్పుడు వేరే చోట ఉన్నాను. సాయంత్రానికి పని ముగించి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుని వాళ్ళు కొండ దిగారు. మర్నాడు పొద్దున్న మొదటి జాబు, అంటే చెక్కాల్సిన ఇనుప దుంగ, గాసిరాం ఎక్కించాడు. ఆ మొదటి జాబులోనే అతని కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

అప్పటి మా బాసు నన్ను పిలిచి, వెళ్ళి చూసి, మిషన్‌లో లోపం లేదని చెప్పి వచ్చెయ్ అన్నాడు. వెళ్ళకముందే ఏం చెప్పాలో చెప్పి పంపే బాసులు మీకూ తగులుతారు. వాళ్ళని ఎదిరించి గొడవ పడక్కర్లేదు. సరే సార్ అని తలూపి, వెళ్ళి మీ కళ్ళతో మీరు చూడండి.

వర్క్‌షాపు మేనేజరు చదువుకున్నవాడు, దుర్మార్గుడేం కాదు. కానీ అతని మనసులో తీర్పు అప్పటికే అయిపోయింది. తిరుగుతున్న మిషన్‌లో చెయ్యి పెట్టాడంటే అది ఆపరేటరు నిర్లక్ష్యమే అన్నాడు. మిషను బాగుందని నేను ఒక్క మాట చెబితే ఆ కారణం మీద గాసిరాంని పనిలోంచి తీసేస్తారు. ఆ వర్క్‌షాపు తప్ప ఆ కొండల్లో అతనికి వచ్చిన విద్య పనికొచ్చే చోటు ఇంకొకటి లేదు.

ముందు గాసిరాం ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఏం జరిగిందని అడిగితే నిర్లక్ష్యమేనని అతనూ అన్నాడు. మేనేజరు అన్నది మిషను దగ్గర నిర్లక్ష్యం. గాసిరాం అన్నది ఇంకోటి.

"పట్నం నుంచి ఒచ్చినోళ్ళు తల్లి పొట్ట ఇప్పినారమ్మా. ఓ కొబ్బరికాయి నేదు, కోడి నేదు. నాను పక్కనుండి కూడా ఊరుకున్నాను. తల్లి ఊరుకుంటాదేటి?"

తల్లి అంటే ఆ లేతే. అతని భార్య లోపల నుంచి ఏడుపు గొంతుతో ఏదో అంది, నాకు వినపడలేదు. వేళ్ళు పోయింది అతనికి. తప్పు కూడా అతనే నెత్తిన వేసుకుని కూర్చున్నాడు.

అన్నీ పాసయ్యాయి

ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి ఆ లేతుకి తాళం వేసే ఉంచారు. నేను వెళ్ళాకే తీశారు. పొద్దున్నంతా దాన్ని నేనే నడిపాను. కార్డు చూశాను, వైర్లు చూశాను, ప్రోగ్రాములన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేశాను. బటన్ నొక్కగానే టక్కున చదివి టక్కున తిరుగుతోంది. ఒక్క పొరపాటు లేదు. కార్డు బిగించినవాళ్ళు ముచ్చటగా బిగించారు, నేనైనా అలాగే బిగించేదాన్ని.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. ముందున్న రక్షణ తలుపు మూయకపోయినా మిషను తిరుగుతోంది. తలుపు స్విచ్చు ఎప్పుడో చచ్చిపోతే తీగతో కట్టేశారట. పాత వర్క్‌షాపుల్లో పదింట్లో తొమ్మిది ఇంతే. ఇన్నేళ్ళుగా ఇలాగే నడుస్తోంది, ఎవరికీ గోరు కూడా చిట్లలేదు అన్నాడు మేనేజరు. అబద్ధం కాదు, నిజమే. నాకు అదే అర్థం కాలేదు. ఇన్నేళ్ళు ఏం కాపాడింది వీళ్ళని?

నాకొక అలవాటు ఉంది. ఏ మిషనైనా ఆన్ చేసే ముందు కళ్ళు మూసుకుని ఒక్క ముక్క ప్రార్థన చేసుకుంటాను. మా నాన్న నేర్పింది. ఆ రోజూ ప్రతిసారీ ప్రార్థన చేసుకుని, తర్వాతే బటన్ నొక్కాను. మిషను నన్ను ఏమీ అనలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, నా చేతి మీద కాక అసలు ఆపరేటరు చేతి మీద ఒకసారి చూద్దామనిపించింది. గాసిరాం మేనకోడలు సుందరి అక్కడే ఆపరేటరు. ఆ పిల్లకి పని నేర్పింది గాసిరామే. మావయ్య సంగతి జరిగాక ఆ లేతు దగ్గరికి రానంది. నేను ఎర్ర బటన్ మీద చెయ్యి వేసి పక్కనే ఉంటానమ్మా, నువ్వు రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి, చాలు అని బతిమాలాను. ఎర్ర బటనంటే మిషన్ని ఉన్నపళంగా ఆపేసేది.

సుందరి ఇనుప షాఫ్టుని చక్‌లో బిగించింది. చక్ అంటే దుంగని పట్టుకుని తిప్పే మూడు దవడల చట్రం. ప్రోగ్రాం ఎంచుకుంది. ఆకుపచ్చ బటన్ నొక్కింది. నొక్కి, తలుపు మూయకుండా కుడిచెయ్యి తిన్నగా చక్ వైపు చాపింది.

నేను కేక వేశానో లేదో గుర్తులేదు. ఎర్ర బటన్ మాత్రం అరచేత్తో గుద్దాను. చక్ తిరిగి ఆగింది. సుందరి గాజు ఒకటి పగిలి కింద పడింది. చేతికి గీత కూడా పడలేదు. పక్కనున్న స్టూలు లాగి ఆ పిల్లని కూర్చోబెట్టాను.

అప్పుడు అడిగాను, చెయ్యి ఎందుకు పెట్టావమ్మా అని. ఆ పిల్లకి నా ప్రశ్నే అర్థం కాలేదు. అన్నం తినేటప్పుడు చెయ్యి నోటి దగ్గరికి ఎందుకు పెట్టావని అడిగినట్టు చూసింది.

"దండం ఎట్టుకోవాల కదమ్మా. బటన్ నొక్కితే తల్లి మేలుకుంటాది, గరగర మంటాది. అప్పుడు జాబు ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం. మేలుకోకముందు మొక్కితే తల్లికేటి ఇనపడతాది?"

గరగర ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాను. కంప్యూటరు కింద ఉన్న ఫ్లాపీ డ్రైవు వైపు వేలు చూపించింది. కార్డు పెట్టిన రోజు నుంచి అది ఊరికే ఉంది, దాని అవసరం తీరిపోయింది.

అప్పటికి నాకు మొత్తం బోధపడింది. బటన్ నొక్కితే పాత కంప్యూటరు ఫ్లాపీలోంచి ప్రోగ్రాం చదువుకునేది. గరగర, కటకట అంటూ నింపాదిగా చదివేది. అది చదవడం అయ్యాకే చక్ తిరిగేది. ఆ నింపాదిలోనే వాళ్ళు జాబు ముట్టుకుని, కళ్ళకద్దుకుని, వెనక్కి జరిగి, తలుపు వేసుకునేవాళ్ళు. చప్పుడు ఆగిందంటే చెయ్యి అక్కడ ఉండకూడదని చెవికే తెలుసు, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళు వాళ్ళ చేతుల్ని కాపాడింది ఆ ముసలి ఫ్లాపీ నత్తనడకే. మేం దాని బదులు చప్పుడు లేని, ఆలస్యం లేని కార్డు పెట్టాం. పెట్టి, పని అద్భుతంగా ఉందని సంతకం చేసి కొండ దిగాం.

నేను ప్రార్థన బటన్‌కి ముందు చేసుకుంటాను, వాళ్ళు దండం బటన్ తర్వాత పెట్టుకుంటారు. తేడా అంతే. ఆ తేడా వల్ల పొద్దున్నంతా నా కళ్ళముందున్న ప్రమాదం నాకు కనపడలేదు. సుందరిని పిలవకపోయి ఉంటే నేనూ మిషను బాగుందనే చెప్పి బస్సెక్కేదాన్ని. అంతకుముందు ఇలాంటి కార్డులు నా చేత్తో ఎన్ని చోట్ల పెట్టానో లెక్క లేదు. ఆ రాత్రి గెస్ట్‌హౌస్ నుంచి ఒక్కో చోటికీ ఫోన్ చేసి, బటన్ నొక్కాక మీ చేతులు ఎక్కడుంటాయని అడిగాను. నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

కర్రముక్క

మేనేజరుకి నోటితో చెబితే లాభం లేదనిపించింది. పాత ఫ్లాపీల్లో ఇంకా నడిచేది ఒకటి వెతికి, ముందు దాంతో నడిపి చూపించాను. ఆకుపచ్చ బటన్ నొక్కి, చేతి బదులు ఒక కర్రముక్క చాపి, షాఫ్టుకి ఆనించి, నా కళ్ళదాకా తెచ్చుకున్నాను. గరగర ఇంకా సాగుతూనే ఉంది. తర్వాత కార్డుతో అదే చెయ్యమని కర్ర అతని చేతికే ఇచ్చాను. అతను బటన్ నొక్కి కర్ర చాపాడు. చక్ దాన్ని లాక్కుని, విరిచి, గోడకేసి కొట్టింది.

మేనేజరు తన చేతిలో మిగిలిన ముక్కని తీసుకెళ్ళి తన బల్ల మీద పెట్టాడు.

"ఆస్పత్రిలో నేను అతన్ని తాగొచ్చావా అని అడిగాను మేడమ్," అన్నాడు.

నేను ఓదార్చలేదు. ఓదార్చాల్సిన మనిషి వేరే చోట ఉన్నాడు.

లోపం మార్పులో ఉంది, ఆపరేటరులో లేదు అని మా కంపెనీకి, మేనేజరుకి ఒకే మాట చెప్పాను. మా బాసు ఫోన్లో అరిచాడు. కార్డు బాగానే పనిచేస్తోంది కదా, లోపం ఎక్కడుంది అన్నాడు. పనిచెయ్యడమే లోపం సార్ అన్నాను. అలాంటి జవాబు నేను అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నాకేం నష్టం జరగలేదు.

మిషన్‌కి మూడు పనులు చేశాను. తలుపు స్విచ్చు కొత్తది వేశాను. ఇప్పుడు తలుపు మూస్తేనే చక్ తిరుగుతుంది. ఇది ఎప్పుడో చేయాల్సింది, చేయనందుకు ఆ వర్క్‌షాపునీ వదలను, చూసీ చూడనట్టు పోయిన మాలాంటి వాళ్ళనీ వదలను. రెండోది, కార్డులోంచి చదివాక కంప్యూటరు వెంటనే కదలకుండా, ఫ్లాపీ రోజుల్లో పట్టినంత సేపూ ఆగేలా ప్రోగ్రాంకి ముందు ఒక మెలిక పెట్టాను. మూడోది, పనిలేని ఆ పాత ఫ్లాపీ డ్రైవుని మళ్ళీ తగిలించి, ఆగినంతసేపూ అది ఖాళీగా గరగరలాడేలా చేశాను. వేగం కోసం కార్డు పెట్టించుకుని మళ్ళీ మెల్లగా చేయించుకుంటున్నామా అని పక్క గదిలో ఎవరో నవ్వారు. కర్రముక్క ఇంకా మేనేజరు బల్ల మీదే ఉంది. అతను నవ్వలేదు.

ముందు మీ చెయ్యి

గాసిరాంకి చెప్పడానికి మేనేజరు నాతో వచ్చాడు. గుమ్మం ముందు నిలబడి, నీ తప్పు లేదయ్యా అని తనే అన్నాడు. తాగొచ్చావా అని అడిగినందుకు చేతులు జోడించాడు. గాసిరాం గాభరాగా లేచి నిలబడ్డాడు. పెద్ద మనిషి తనకి దండం పెట్టడం అతనికి ఇంకో ప్రమాదంలా ఉన్నట్టుంది.

నేను వీలైనంత సులువుగా చెప్పాను. తల్లికి కోపం రాలేదు, మేం లోపల పెట్టిన కొత్త వస్తువు దాన్ని చప్పుడు లేకుండా ఒక్కసారిగా మేల్కొలిపింది, నీకు తెలిసే వీలే లేదు అని. పొట్ట విప్పినందుకే జరిగిందన్నమాట అన్నాడు అతను. అవునన్నాను. ఒక రకంగా మొదటి రోజు అతను చెప్పిందే నిజం, మేమే వినలేదు.

కట్టు విప్పి, పుండు మానాక అతను పనికొచ్చాడు. నేను ఆ రోజు కావాలని వెళ్ళాను. సుందరి కొబ్బరికాయ తెచ్చి ఉంచింది. కాయ కొట్టారు. షాఫ్టు బిగించారు. గాసిరాం ఆకుపచ్చ బటన్ మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగిపోయాడు. అందరం చూస్తున్నాం. ఇప్పుడు ఏం కాదు, తలుపు తెరిచి ఉండగా అది తిరగదు అని నేను చెప్పబోయాను.

అతను నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు.

"మారిసినోళ్ళు మీరే కదమ్మా. ముందు మీ సెయ్యి ఎట్టండి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని మిషన్లు బాగుచేశాను, ఎన్నింటికి బాగుందని చెప్పాను. చెప్పిన తర్వాత ఒక్కదానిలోనైనా నా చెయ్యి పెట్టానా? పెట్టమని ఎవరూ అడగలేదు. నాకు తట్టనూ లేదు. వాళ్ళ చేతులు మాత్రం నా మాట మీద నమ్మకంతో రోజూ లోపలికి వెళ్ళాయి.

గాసిరాం బటన్ నొక్కాడు. ఫ్లాపీ గరగరలాడింది. తలుపు తెరిచే ఉంది. తిరగదని నాకు తెలుసు, తిరగకుండా చేసింది నేనే. అయినా చెయ్యి ముందుకు పోవడానికి నానా అవస్థ పడింది. చివరికి షాఫ్టు మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా, నూనె జిడ్డుగా ఉంది. పక్కనుంచి రెండు వేళ్ళు లేని చెయ్యి ఒకటి వచ్చి, నా చెయ్యి పక్కనే ఆనింది.

అతను ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. బటన్ నొక్కాక ప్రార్థన చేసుకోవడం నాకు అదే మొదటిసారి.